నీలం బాట

ఆయితా వేసే బాటలు మొదట ఆమెకు కలలోకి వచ్చేవి. నిద్రలో ఏదో ఒక కొండవాలు కనిపించేది. దాని మీద గడ్డి ఊగేది, మేఘం నీడ మెల్లగా జారిపోయేది. ఆ నీడ వెనకాలే ఒక సన్నని గీత, ఒరిగిన బల్ల మీద ఒలికిన పాలలాగా, తన దారి తానే వెతుక్కుంటూ కిందికి దిగేది. తెల్లవారాక ఆమె ఎర్రగుడ్డ పీలికలు జేబులో కుక్కుకుని ఆ వాలు ఎక్కేది. కల ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడి కొమ్మకు ఒక పీలిక కట్టేది. గడ్డపారా పారా ఆ తర్వాతే.

ప్రాదావాల్ ఊరి పైకొండల్లో సైకిళ్లు దిగే బాటలన్నీ అలా పుట్టినవే. ఒక్క సైకిలు పట్టేంత సన్నని మట్టి బాటలు అవి. ఆరితేరినవాళ్ల బాట మొదట్లో నల్ల పలక ఉండేది, కాస్త అలవాటున్నవాళ్ల బాటకు ఎర్ర పలక. ఆ రెండూ దిగినవాళ్లు ఇన్ నది ఒడ్డున సైకిళ్లు పడేసి, ఆకాశం కేసి చూస్తూ చాలాసేపు మాటా పలుకూ లేకుండా కూర్చునేవారు. అంతకు మించిన మెప్పు ఆయితాకు అక్కర్లేదు.

కొత్తవాళ్ల కోసం వేసిన నీలం పలక బాట మాత్రం ఆమె పరువు తీసింది. ఊరి పంతులమ్మ అందులో పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఎక్కడినుంచో వచ్చిన భార్యాభర్తలు బాట పొడుగునా సైకిళ్లు నెట్టుకుంటూ దిగి, ఊళ్లోకి చేరేసరికి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. పంచాయతీవాళ్లు ఆ నీలం పలక పీకేసి ఎర్రది పాతారు. అప్పటినుంచి 'ఆయితా నీలం' అన్నది ఊళ్లో సామెతలా స్థిరపడింది. హోటల్లో ఎవరైనా మొదటిసారి చేదువేళ్ల సారా గుక్కేసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఏం కాదులే, ఆయితా నీలమే" అని వీపు తట్టేవారు.

ఈ వేసవిలో పంచాయతీ మళ్లీ ఆమెకే పని ఇచ్చింది. లరేత్ మేతబీళ్ల దగ్గర మొదలై, సూదాకుల లార్చ్ చెట్ల అడవిలోంచి, చర్చి పైనున్న పచ్చిక దాకా ఒక బాట వేయాలి. ఎవరైనా సరే భయం లేకుండా దిగేలా ఉండాలి. ఆయితా సరేనంది. ఆ రోజు నుంచి కల రావడం మానేసింది. కళ్లు మూస్తే వాలు వస్తుంది, గడ్డి ఊగుతుంది, ఆవులు మెడగంటలు మోగించుకుంటూ అడ్డంగా నడుస్తాయి. గీత మాత్రం రాదు.

"ఎందుకొస్తది?" అన్నాడు క్లా. ఆమెతో పాటు మట్టి తవ్వే ముసలాయన. ఆ లోయలో పెద్దవాళ్లను పిలిచినట్టే ఆయనను ఆమె 'బార్బా' అని పిలిచేది. "మీ నాన్న నీకు నడక రాకముందే సైకిలెక్కించాడు. పందేలకి తిప్పాడు. నువ్వేమో ఇంతవరకూ దిగలా. భయమంటే ఏంటో తెలిస్తేగా భయపడేవాళ్లకి బాటేసేది."

"నువ్వు ఎక్కావా ఎప్పుడైనా బార్బా, నాకు చెప్తున్నావ్?"

"నాకేమన్నా పిచ్చా అమ్మాయ్? దేవుడు రెండు కాళ్లిచ్చింది రెండూ నేలమీద పెట్టుకోమని."

కల రాకపోయినా పని ఆగదు కదా. వాలు కొలిచే పరికరంతో కొలిచి, లెక్క ప్రకారం పీలికలు కట్టింది. లెక్కకు అంతా నీలమే. రాళ్లు తీశారు, చెట్ల వేళ్లు కప్పారు, నీళ్లు పోయేందుకు గాడులు పెట్టారు. ఆగస్టు నడిమికి పై సగం తయారైంది. అక్కడ ఒక మలుపు ఆయితాకు ప్రాణం. చెట్లు ఒక్కసారిగా తొలగిపోయి, కింద లోయంతా, ఎదురుగా మంచుకొండల వరస మొత్తం ఒళ్లో వాలినట్టు కనపడే చోటు అది. ఆ ఒక్క మలుపు చాలు, జనం తనను క్షమించేస్తారు అనుకుంది.

ఒకరోజు వాన వెలిసిన పొద్దున ఆ బాట మీద టైరు గుర్తు కనిపించింది.

ఒకే ఒక్క సైకిలు. తడిమట్టి మీద దువ్వెన కొసతో గీసినట్టు ఉంది. ఎక్కడా బ్రేకు వేసి ఈడ్చిన మచ్చ లేదు, మట్టి ఎగజిమ్మిన ఆనవాలు లేదు. తిన్నగా ఉన్నచోట్ల గీత ఎడమకూ కుడికీ చిన్నగా ఊగింది. ఎవరో ఈల వేసుకుంటూ, ఆడుకుంటూ దిగినట్టనిపించింది ఆయితాకు. తను ప్రాణం పెట్టుకున్న మలుపు రాగానే ఆ గీత బాట వదిలేసింది. ఎడమకు తిరిగి, కొండ వైపున రెండు లార్చ్ చెట్ల మధ్యకు దూరి, ఒక నాచుబండ చుట్టూ తిరిగి, దిగువన మళ్లీ బాటలో కలిసింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతను వేలితో తాకింది. తర్వాత సైకిలు తెచ్చి దాని మీదుగా తానూ దిగి చూసింది. నిద్రలో పిల్లవాడు ఒత్తిగిలినంత మెత్తగా తిరిగింది ఆ మలుపు.

"ఎవరో మహానుభావుడు బార్బా. ఈ వాలులో బ్రేకే ముట్టుకోలేదు చూడు. నేనైనా ముట్టుకుంటా."

క్లా టోపీ వెనక్కి నెట్టి చూశాడు. "దయ్యమేమో. దయ్యాలకి బ్రేకులక్కర్లేదు."

మర్నాడు వాళ్లు బాటను ఆ గీత మీదికి మార్చారు. తర్వాతి వానకు ఇంకోచోట గుర్తు బాట దిగి, వేళ్ల మెట్టును తప్పించుకుని, బ్లూబెర్రీ పొదల అంచునే వెళ్లింది. ఆయితా బాటను అటు తిప్పింది. మరో వానకు మరోచోట. ఇదేదో ఉత్తర ప్రత్యుత్తరంలా సాగింది. తను ఒక మాట అంటుంది, తెల్లారేసరికి మట్టి మీద జవాబు ఉంటుంది. వాన రాని రోజున ఆమెకు తోచేది కాదు. సాయంత్రం పని ముగించాక బాటమీద నీళ్లు చల్లి వెళ్లడం మొదలుపెట్టింది.

"టైరుగుర్తుతో పెళ్లి కుదుర్చుకున్నట్టున్నావే," అన్నాడు క్లా. "పందిట్లోకి గాలి పంపు తీసుకురానా?"

కల మళ్లీ వచ్చింది. ఈసారి గీత ఒంటరిగా రాలేదు. పొగమంచులో ముందు ఎవరో సైకిలు మీద దిగుతున్నారు. వీపు ఒక్కటే కనిపిస్తోంది. టైర్ల చప్పుడు లేదు. చెట్లు పక్కకు జరిగి దారి ఇస్తున్నాయి. ఆయితా వెనకాలే దిగుతోంది, ఎంత దిగినా కొండ అయిపోవడం లేదు. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు కాళ్లలో ఆ దిగుడు ఉండిపోయింది. పందేల రోజుల తర్వాత అంత హాయి ఆమె ఎరగదు. ఎవరై ఉంటారు? కనుమ అవతలి ఇటలీవాళ్లా? చిన్నప్పుడు తనను ఓడించి, ఆ తర్వాత పోటీలు మానేసి ఎటో వెళ్లిపోయిన ఆ పొడుగాటి మనిషా? నవ్వొచ్చేది, సిగ్గేసేది, మళ్లీ ఆలోచించేది.

సెప్టెంబరు మొదట్లో ఒకరోజు ఆగలేకపోయింది. వెలుగు రాకముందే ఇంట్లోంచి బయల్దేరి, తొలివెలుగుకు నాచుబండ దగ్గరికి చేరి, నరికిన దుంగ మీద కూర్చుంది. పొగమంచు చెట్ల నడుమ పాలలా నిలిచి ఉంది. పైన లరేత్‌లో పాలు పితుకుతున్నట్టున్నారు, గంటలు ఆగి ఆగి మోగుతున్నాయి. తర్వాత వాటికన్నా దగ్గరగా ఇంకో చప్పుడు. టిక్, టిక్, టిక్. తొక్కకుండా తిరిగే సైకిలు చక్రం చప్పుడు. ఆయితా దుంగ మీదినుంచి లేచింది.

మంచులోంచి మొదట ముందు చక్రం బయటికొచ్చింది. తర్వాత హ్యాండిలు మీద ఒక చెయ్యి. ఆ తర్వాత, బాట పక్కన పొదల్లో మోకాలి ఎత్తు రబ్బరు బూట్లు వేసుకుని నడుస్తున్న ఒక మనిషి. ఆవును తోలుకొచ్చినట్టు సైకిలును పక్కన నడిపించుకుంటూ వస్తున్నాడు. చక్రాలు బాట మీద, తను పొదల మీద. అందుకే ఇన్నాళ్లూ అడుగు జాడ పడలేదు.

అతను గుదెంచ్. లరేత్‌లో వేసవంతా చీజు చేసేవాడు. ఆమె కంటే నాలుగేళ్లు పెద్దేమో. ఏటా అతని దగ్గర చీజు కొంటుంది, బాగేనా అంటుంది, బాగున్నానంటాడు. అంతే పరిచయం. ఇప్పుడు ఆమెను చూసి దొంగతనంలో పట్టుబడ్డవాడిలా నిలబడిపోయాడు.

"మీరా... క్షమించండి. బాట ఇంకా తెరవలేదని తెలుసు. ఏమీ పాడుచెయ్యలేదండీ. పాలు పితకడం అయ్యేలోపు ఇలా వచ్చి అలా వెళ్లిపోతా."

 ఆయితా లోపల ఏదో మేడ చప్పుడు లేకుండా కూలింది. "ఇంత ఎత్తులో 'మీరు' ఏంటి, గుదెంచ్? కొండమీద అందరం ఒకరినొకరు 'నువ్వు' అనే కదా పిలుచుకునేది," అంది చివరికి. "రోజూ నువ్వేనా?"

"నేనే."

"ఆ మలుపు దగ్గర బాట వదిలి చెట్లలోంచి వెళ్లింది?"

"అక్కడ దిగిపోయా. దిగి, నడిపించుకుంటూ అలా చుట్టి వచ్చా. తప్పయిందా?"

"మరి పైన తిన్నని బాటలో? గీత ఇటూ అటూ ఊగింది కదా. ఆడుకుంటున్నావనుకున్నా."

గుదెంచ్ బూట్ల కేసి చూసుకున్నాడు. "ఆటేముంది. చేతులు వణికాయి."

ఆయితాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటే అవి నవ్వుకే వచ్చిన నీళ్లో కాదో ఆమెకే తెలియలేదు. గుదెంచ్ సైకిలు వెనక్కి తిప్పబోయాడు.

"ఆగాగు. నిన్ను చూసి కాదు, నన్ను చూసుకుని నవ్వుతున్నా. కూర్చో. అక్కడెందుకు దిగావో చెప్పు."

"అక్కడ బాట లేదు కాబట్టి."

"నా చేతులతో వేశాను. లేదంటావేంటి?"

"ఉందనుకో. కానీ పైనుంచి వస్తుంటే నాకు కనపడింది ఆకాశం ఒక్కటే. చెట్లు పోయాయి, బాట పోయింది, నేల అయిపోయినట్టుంది. ఇక్కడితో నా పనీ అయిపోయిందనుకున్నా."

 ఆ ఆకాశం కోసమే కదా ఆయితా ఆ మలుపు అక్కడ పెట్టింది. నేల అయిపోయినట్టుండే ఆ క్షణం కోసమే కదా తను ఇన్నేళ్లుగా కొండలు ఎక్కింది. అదే చోట ఇంకొకరికి కాళ్లు చచ్చుబడతాయని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

గుదెంచే చెప్పుకొచ్చాడు. అతను పుట్టిన ఊరు నిటారు వాలులో ఉంటుంది. అక్కడ ఎవరికీ సైకిలు లేదు, ఎవరికీ రాదు. లరేత్‌లో పాలు కాచే రాగి కాగు ముందు కిటికీ ఉంది. ఏళ్ల తరబడి ఆ కిటికీలోంచి సైకిళ్లవాళ్లను చూశాడు. "పైనుంచి నీళ్లలా జారిపోయేవాళ్లు మీరంతా. అరుపులుండవు, గొడవుండదు. నేను కలియబెడుతూ చూసేవాణ్ణి. మోకాళ్లు పూర్తిగా పోకముందు ఒక్కసారన్నా అలా నీళ్లలా పోవాలనిపించింది. మా చెల్లెలి దగ్గర ఒక పాత సైకిలుంటే అడిగి తెచ్చుకున్నా. ఎవరికీ చెప్పకు. గొల్లవాళ్లకి తెలిస్తే చీజులో నా బొమ్మ చెక్కుతారు."

"రేపు మళ్లీ రా," అంది ఆయితా. "నేనూ వస్తా."

అలా మొదలైంది. ప్రతి తెల్లవారుజామునా గుదెంచ్ ముందు, ఆమె వెనక. అతను దిగిపోయిన ప్రతిచోటా ఆమె కూడా ఆగేది. ఏం కనిపించింది? ఎక్కడ ఊపిరి బిగబట్టావు? ఎటు చూశావు? అతను ఆలోచించి, తడుముకుంటూ చెప్పేవాడు. ఇక్కడ పక్కన గొయ్యి కనపడింది. ఇక్కడ ఏమీ కనపడలేదు, కానీ ముందు వచ్చేది ఏమిటో తెలియలేదు. ఇక్కడ బ్రేకు నొక్కితే పడతానేమో, నొక్కకపోతే పోతానేమో అనిపించింది. ఊపిరి బిగిసిన చోటల్లా ఆమె పీలిక కట్టింది. తర్వాత ఆమె, క్లా కలిసి ఆ చోట్లన్నీ తిరగేశారు. మలుపులను కొండ వైపుకు ఒదిగేలా చేశారు. వాలు ఎక్కువైన చోట ముందు ఒక చిన్న ఎత్తు పోశారు. దాని మీదికి ఎక్కేసరికి సైకిలు తనకు తానే నెమ్మదిస్తుంది, చేతులకు పని ఉండదు. గొయ్యి పక్కన పొదలు నాటారు.

విషయం తెలిసిన రోజు క్లా చేతిలోని పార కింద పెట్టాడు. "ఆ మహానుభావుడు గుదెంచా?"

"గుదెంచే."

"చీజు గుదెంచా? బండి మీద కూర్చున్నా సీటు గట్టిగా పట్టుకునే గుదెంచా?" ఆయన నవ్వుతూ అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాడు. నవ్వు తగ్గాక జేబులోంచి ఎండుమాంసం తీసి, చాకుతో పల్చగా కోసి ఆమెకో ముక్క ఇచ్చాడు. "మంచిదేలే. ఏ ఇటలీవాడో వచ్చుంటే ఇంకో నల్ల బాట వేయించేవాడు నీచేత."

ఆ ఉదయాలన్నీ ఆయితాకు ఒకే పొడవాటి ఉదయంలా గుర్తుండిపోయాయి. మంచు, పాలవాసన, బండల మధ్య మార్మట్లు అనే కొండ ఉడతల ఈల, ముందు ఊగుతూ పోయే ఆ వెడల్పాటి వీపు. రోజు రోజుకూ ఊగుడు తగ్గింది. ఒకరోజు నాచుబండ చుట్టూ అతను దిగకుండా తిరిగాడు. తిరిగినట్టు అతనికే తెలియలేదు. కొంత దూరం పోయాక ఆగి వెనక్కి చూసి, "బండేదీ?" అన్నాడు.

సెప్టెంబరు చివర ఆవులు కొండ దిగాయి. కొమ్ములకు పూలు కట్టిన మంద ముందు నడుస్తుంటే, తలమీద టోపీలో ఒక పువ్వు పెట్టుకుని గుదెంచ్ వెనక నడిచాడు. లరేత్‌లో కిటికీ తలుపులు మూసేశారు. ఇక అతను తన ఊరికి వెళ్లిపోతాడు. బాట అప్పటికి చర్చి పైనున్న పచ్చిక దాకా వచ్చేసింది. కానీ పై నుంచి కింది దాకా ఒక్క ఊపున దిగింది ఎవరూ లేరు.

అక్టోబరులో, లార్చ్ చెట్లు పసుపు పోసినట్టు మారిపోయాక, గుదెంచ్ మళ్లీ వచ్చాడు. సైకిలు నెట్టుకుంటూ నేరుగా ఆయితా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"రాత్రి నిద్ర పట్టలేదు," అన్నాడు.

"భయమా?"

"అదీ ఉంది."

ఇద్దరూ సైకిళ్లు నెట్టుకుంటూ ఎక్కారు. లరేత్‌లో ఎవరూ లేరు. గంటల చప్పుడు లేని ఆ మేతబీడు మాట మరిచిపోయినదానిలా ఉంది. కింద లోయ నిండా మంచు పరుచుకుని ఉంది. అతను సీటు ఎక్కాడు, ఒక కాలు నేలమీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఆ కాలు తీసేశాడు.

ఆయితా ఎప్పటిలాగే వెనక బయల్దేరింది. సూదుల్లాంటి సన్నని పసుపు ఆకులు బాట మీద దట్టంగా రాలి ఉన్నాయి. చక్రాల కింద చప్పుడే లేదు. ఎత్తు ఎక్కినప్పుడు నెమ్మదిస్తూ, దిగినప్పుడు సాగుతూ, గుదెంచ్ వీపు ముందు ముందు పోతోంది. రెండు చెట్ల మధ్యనుంచి వెళ్లాడు, బండ చుట్టి వెళ్లాడు, పొదల అంచున వెళ్లాడు. ఊగడం లేదు. ఇద్దరూ మంచులోకి దిగారు. మొదట కింది చెట్లు పోయాయి, తర్వాత పక్క చెట్లు. కలలో ఉన్నట్టే ఉంది. ఆమె ఆ హాయిలో ఒక్క క్షణం కళ్లు సగం మూసింది.

తెరిచేసరికి ముందు ఎవరూ లేరు.

"గుదెంచ్," అని పిలిచింది. మంచు ఆ పిలుపును మింగేసింది. చక్రం టిక్కు టిక్కు వినపడలేదు. ఆ చోట వాలు ఎంతో, పక్కన ఏముందో ఆమెకు అంగుళం అంగుళం తెలుసు. తెలిసినదంతా ఒక్కసారిగా ఎక్కడికో పోయింది. తడి ఆకుల మీద చక్రం జారి ఉంటే? గట్టుమీద నుంచి పొర్లి ఉంటే? ఆ మోకాళ్లతో ఎవరు లేపుతారు? చేతులు వణికాయి. ముందు బాట లేదు, తెల్లగా ఏదో ఉంది, నేల అక్కడితో అయిపోయింది. ఆయితా బ్రేకు నొక్కింది. వెనక చక్రం ఈడ్చుకుంటూ పక్కకు తిరిగింది. ఆమె సైకిలు దిగింది.

అలా దిగి నడవడం ఆమెకు కొత్త. సైకిలును పక్కన పట్టుకుని, బాట పక్క గడ్డిలో, కాలు ముందుకు పెట్టి నేల ఉందో లేదో చూసుకుంటూ నడిచింది.  భయమంటే ఇదా, అనుకుంది. ఇన్నాళ్లూ వీళ్లందరూ మోసుకొచ్చింది ఇదా. పంతులమ్మ, ఆ భార్యాభర్తలు, ఇంకా పేరు కూడా తెలియని ఎందరో. ఒక్కొక్క అడుగే వేస్తూ, వాళ్లందరితో కలిసి నడుస్తున్నట్టుగా దిగింది.

అడవి పల్చబడింది. మంచు పలచబడింది. కాళ్ల కింద గడ్డి, ఎదురుగా చర్చి గోపురం కొస. పచ్చిక మధ్యలో గుదెంచ్ కూర్చుని ఉన్నాడు. సైకిలు పక్కన పడి ఉంది. దెబ్బ తగల్లేదు. ముఖం కడిగిన పళ్లెంలా మెరుస్తోంది.

ఆమె సైకిలు నడిపించుకుంటూ రావడం చూసి అతను గాభరాగా లేవబోయాడు. "ఏమైంది? పంచరా?"

"కాదు. పైన దిగిపోయా."

"నువ్వా?"

"నేనే."

అతను ఆమె ముఖం కేసి చూశాడు. చూసి, పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. ఆయితా అతని పక్కన గడ్డిలో కూలబడింది. ఆమె చేతులు ఇంకా వణుకుతున్నాయి. అతనివి కూడా.

"నేను దిగలేదు," అన్నాడు కాసేపటికి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఎక్కడా దిగలేదు ఆయితా. నీళ్లలా వచ్చేశా."

"కనపడింది."

"కనపడిందా? మంచులో?"

"వీపు పోయేదాకా కనపడింది. ఆ తర్వాతే గదా నా పని అయింది."

అతను నవ్వలేదు. కోటు జేబులోంచి అక్రోట్ల కేకు పొట్లం తీశాడు. కేకు నలిగి పొడిపొడి అయింది. ఇద్దరూ ఆ పొడిని వేళ్లతో ఏరుకుని తింటూ కూర్చున్నారు. మంచు కొంచెం కొంచెంగా ఎత్తుకు లేచి, ముందు చెట్ల మొదళ్లను, తర్వాత పసుపు కొమ్మలను, తర్వాత పైనున్న లరేత్ బీడును వదిలిపెట్టింది. అంత ఎత్తునుంచి దిగి వచ్చామా అన్నట్టు ఇద్దరూ తల ఎత్తి చూశారు.

"ఈ చలికాలం మీ ఊరికి పోవా?" అంది ఆయితా, కొండ మీదినుంచి చూపు తిప్పకుండా.

"తిరిగి పోదామనే వచ్చా," అన్నాడు గుదెంచ్. సైకిలు కేసి చూశాడు. "మంచు పడేలోపు ఇంకోసారి ఎక్కొచ్చా?"

ఆయితా లేచి, గడ్డి దులుపుకుని, అతని సైకిలు నిలబెట్టి చేతికిచ్చింది.